సోక్ అంటే నానబెట్టడం

ఒక్కరోజు సెలవు పెట్టి మర్నాడు పనిలోకి వచ్చిన మిషనక్కకు లాండ్రీ గుమ్మంలోనే దుప్పట్ల గుట్ట అడ్డం తగిలింది. ఉతికినవే. సబ్బు వాసన వేస్తున్నాయి. పైదాన్ని విప్పి చూసింది. నడిమధ్యన పళ్లెమంత ఇటుకరంగు మరక. రెండోదీ అంతే. మూడోది విప్పబోయి వదిలేసింది. అవి ఆస్పత్రిలో ఆపరేషన్ గది దుప్పట్లు. నెత్తురంటిన బట్ట మీద వేడినీళ్లు పడితే ఏమవుతుందో ఆ లాండ్రీలో పనిచేసే ప్రతి మనిషికీ తెలుసు. మరక ఉడికిపోతుంది. ఉడికి పోగులోకి దిగుతుంది. ఇక బట్ట చిరగాల్సిందే తప్ప మరక వదలదు.

"ఎవరు వేశారివి?" అంది మిషనక్క.

బక్కామె ఇస్త్రీ బల్ల దగ్గర దిండుగలీబు మీద ఉన్న మడతనే మళ్లీ మళ్లీ నొక్కుతోంది. పక్కన కొత్తకోడలు తడిబట్టలు విదిలిస్తోంది. ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి బడికి కూడా వెళ్తున్నారు గాని, పనిలో చేరిన రోజు పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ఆమె నోరు విప్పకుండా గడ్డంతో తొట్టి వైపు చూపించింది.

గది చివర నేలలోకి దిగి ఉన్న సిమెంటు తొట్టి అది. పెద్దమ్మ దాని అంచున మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు మునిగేదాకా చన్నీళ్లలో పెట్టి ఏదో జాడిస్తోంది. తల ఎత్తలేదు.

"సూపర్‌వైజరే వెయ్యమన్నాడు," కొత్తకోడలు దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. నానబెట్టే తీరిక లేదు, మిషన్లో పడేసి తిప్పెయ్ అన్నాడు. మీట ఎక్కడికి తిప్పాలి సార్ అని అడిగింది పాపం. ఏదో ఒకటి తిప్పవే, నీకన్నీ విడమరిచి చెప్పాలా అని విసుక్కున్నాడు. తిప్పింది. తీరా చూస్తే ఇలా."

"మరి?"

"మరేముంది. పొద్దున్నే మేనేజరు దిగొచ్చి గుట్ట చూసి చిందులు తొక్కాడు. నేను లేని టైం చూసి ముసల్ది ముట్టుకుంది సార్ అనేశాడు ఈయన. కన్నార్పకుండా అన్నాడక్కా."

"మీరంతా ఇక్కడే ఉన్నారుగా?"

కొత్తకోడలు చేతిలోని బట్టను అవసరం లేకపోయినా ఇంకోసారి విదిలించింది. ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి బక్కామె అందుకుంది. "ఉన్నాం. గోడలు కూడా ఉన్నాయి. నువ్వుంటే ఏమనేదానివి?"

మిషనక్క తన స్టూలు దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆ గదిలో తడి లేని చోటు అదొక్కటే. మిషను ముందు జానెడు ఎత్తున చెక్క అరుగు, దాని మీద స్టూలు. మిగతా నేలంతా ఎప్పుడూ నీళ్లే. మిషను నుదుటి మీద గుండ్రటి మీట, మీట చుట్టూ ఇంగ్లీషు మాటలు. ఆ మాటలు చదవగలిగింది గనకే ఆ స్టూలు ఆమెదైంది. ఆమె రాని రోజున సూపర్‌వైజరు తిప్పాలి. ఆయనకు సెల్‌ఫోన్లో మాట్లాడుకోవడంతోనే సరిపోతుంది.

భోజనాల వేళకు పైనుంచి కబురొచ్చింది. పెద్దమ్మను రమ్మన్నారు. మిషను సంగతి తెలిసిన మనిషి కూడా ఒకరు కావాలన్నారు.

మేనేజరు గదిలో చల్లటి గాలి. నేల అద్దంలా ఉంది. పెద్దమ్మ రబ్బరు ఏప్రాన్ విప్పడం మరిచిపోయి వచ్చింది. దాని అంచు నుంచి నీళ్లు టపటపా రాలుతుంటే, ఆవిడ మరకల కంటే దానికే ఎక్కువ భయపడుతున్నట్టు చెప్పు కాలితో తుడుస్తూ నిలబడింది. సూపర్‌వైజరు కిటికీ పక్కన చేతులు కట్టుకుని ఉన్నాడు.

"వయసు మళ్లినవాళ్లను ఇంకా ఎందుకు పెట్టుకున్నామో నాకర్థం కాదు," అన్నాడు మేనేజరు, ఎదురుగా మనిషి లేనట్టు. "ఈ నెలతో ఆపెయ్యండి."

పెద్దమ్మ కాలితో తుడవడం ఆపింది.

మిషనక్కకు అసలు మాట నోటిదాకా వచ్చింది. సూపర్‌వైజరు వైపు చూసింది. ఆయన కూడా సరిగ్గా అప్పుడే ఆమె వైపు చూశాడు. బెదిరింపేమీ లేదు ఆ చూపులో. నిన్న సెలవిచ్చింది నేనే, రేపు ఇవ్వాల్సిందీ నేనే అన్నంత మామూలుగా ఉంది. ఆమె ఆ మాట మింగేసింది.

"ఆవిడ తప్పు కాదు సార్," అంది చివరికి. "చదవడం రాక అలా జరిగింది. ఒక్క వారం గడువివ్వండి. మిషను మీది మాటలన్నీ నేను నేర్పిస్తాను. ఆవిడకే కాదు, అందరికీ."

మేనేజరు ముఖం కాస్త విప్పారింది. "అందరికీనా?"

"అందరికీ సార్."

"ఇదీ పద్ధతంటే," అన్నాడాయన సూపర్‌వైజరుతో. "ఒక మనిషి రాకపోతే పని ఆగిపోకూడదు. వచ్చే వారం నేనే వచ్చి చూస్తాను."

సూపర్‌వైజరు కట్టుకున్న చేతులు వదిలాడు.

మెట్లు దిగుతుండగా పెద్దమ్మ మధ్యలో ఆగి రెయిలింగు పట్టుకుంది. నీళ్లలో నాని నాని ఆ వేళ్ల కొసలు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి.

"చదువు రాకనా అమ్మాయ్ నేను చెడగొట్టింది?" అంది.

మిషనక్క కింది మెట్టు వైపు చూసింది.

"నాకు చదువు రాని మాట నిజమే. నెత్తురు మరక చన్నీళ్లలో నానాలని నాకు తెలీదా? నీకు నేర్పిందెవరే?"

"ఉద్యోగం నిలబడింది కదా పెద్దమ్మా."

"నిలబడిందిలే," అని పెద్దమ్మ మళ్లీ మెట్లు దిగడం మొదలుపెట్టింది.

*

పాఠాలు టీ తాగాక. ఆరబెట్టే మిషను పక్కన ఉన్న కిటికీ అద్దానికి ఎప్పుడూ ఆవిరి పట్టి ఉంటుంది. అదే పలక. మిషనక్క వేలితో ఒక మాట రాసేది. అందరూ చూసేలోపే అక్షరాల కాళ్ల నుంచి నీటిబొట్లు కిందికి జారిపోయేవి.

"ఇది వాష్. అంటే ఉతకడం."

"మరి అంట్లు తోమడాన్ని ఏమంటారక్కా?" కొత్తకోడలు అడిగింది.

"అదీ వాషే."

"కాళ్లు కడుక్కోవడం?"

"అదీ వాషే."

"బట్టకీ, గిన్నెకీ, కాళ్లకీ ఒకటే మాటా!" బక్కామె ముక్కు మీద వేలేసుకుంది. "కార్లు తోలతారు, విమానాలు తోలతారు, కాళ్లు కడుక్కోవడానికి సొంతంగా ఒక మాట పెట్టుకోలేకపోయారా?"

"ఆగు. నీళ్లలో పెట్టడానికి మాత్రం బోలెడున్నాయి వాళ్లకి. రిన్స్ అంటే జాడించడం. సోక్ అంటే నానబెట్టడం. డిప్ అంటే ఒక్కసారి అలా ముంచి ఇలా తీసెయ్యడం."

"బిస్కెట్టు టీలో ముంచినట్టు."

"ఆఁ, అంతే. ఇక ఇమ్మర్స్ అని ఒకటుంది. అది మిషను మీద లేదు, నడుం నొప్పోళ్లకి పెట్టే కరెంటు దుప్పటికి చీటీ ఉంటుంది చూడు, దాని మీద ఉంటుంది. ఇమ్మర్స్ చెయ్యొద్దు అని. అంటే నిండా ముంచెయ్యొద్దని."

"నిండా ముంచెయ్యడమా?" బక్కామె కళ్లు మెరిశాయి. "అయితే మా మరిది మమ్మల్ని చేసింది ఇమ్మర్సన్న మాట. పదేళ్లుగా దానికి పేరు తెలీక తిట్టుకుంటున్నాను."

అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. మేనేజరు గదిలోంచి వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

బక్కామెకు రెండు రోజుల్లో వచ్చేసింది. కొత్తకోడలు పిల్లల పుస్తకాలు చూసిన మనిషి, ఆమెకు అక్షరాలు ఎంతో కొంత పరిచయమే. పెద్దమ్మతోనే కష్టమైంది. అక్షరం అక్షరంలా కనబడదు ఆవిడకి. బొమ్మలా కనబడుతుంది. సరే, బొమ్మలే అనుకుందామని మిషనక్క దారి మార్చింది. వాష్ మొదట్లో ఉన్నది రంపం పళ్లు. రిన్స్ మొదట్లో ఉన్నవాడు ఒక కాలు ముందుకు చాచి నిలబడ్డాడు. ఇవి రెండూ పట్టుబడ్డాయి. సోక్, స్పిన్ దగ్గరే చిక్కు. రెండిటికీ మొదట పామే.

"పాము పక్కన ఏముందో చూడు పెద్దమ్మా. బకెట్టు మూతిలా గుండ్రంగా ఉందనుకో, నీళ్లుంటాయి, నానబెట్టడం. కర్రకి మూట తగిలించుకుని నిలబడ్డవాడు ఉన్నాడనుకో, ఆ మూటలో నీళ్లు పిండెయ్యాలి. స్పిన్."

పెద్దమ్మ తొట్టి అంచున సబ్బు నురగ పరిచి దాని మీద వేలితో పామును గీసేది. పక్కన గుండుసున్నా చుట్టేది. చెరిపి మళ్లీ గీసేది. పని చేస్తూనే పెదాలు కదిపేది. ఇంటికి వెళ్లే వేళకు అడిగితే మళ్లీ మొదటికొచ్చేది. నానబెట్టాల్సిన చోట పిండేది, పిండాల్సిన చోట నానబెట్టేది. మిషనక్కకు విసుగొచ్చేది. విసుగు కనబడకుండా ఉండటానికి ఇంకా అలిసిపోయేది.

"మర్చిపోతున్నావు పెద్దమ్మా."

"మర్చిపోవడానికైనా ముందు రావాలి కదే," అనేది ఆవిడ.

*

ఇంట్లో వదిన కుట్టుమిషను కిటికీ కింద ఉంటుంది. మిషనక్క భర్తకు ఆవిడ అక్క, పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి దగ్గరే ఉంటుంది. తమ్ముడు వాచ్‌మన్. మిషనక్క పనినుంచి వచ్చేసరికి అతను బూట్లు తొడుక్కుంటూ ఉంటాడు. "వచ్చావా?" అంటాడు. "వెళ్తున్నావా?" అంటుంది ఆమె. సంసారంలో సగం మాటలు గుమ్మంలోనే అయిపోతాయి.

ఆ సాయంత్రం అతను వెళ్లాక ఆమె గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుంది. పాఠాల గురించి చెప్పింది. బక్కామె మరిది జోకు చెప్పింది. వదిన నవ్వలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ, "అందరికీ వచ్చేస్తుందా అయితే?" అంది.

"వస్తుంది. ముసలావిడకి కూడా వచ్చేస్తుందిలే."

"అందరికీ వచ్చాక నువ్వెందుకే అక్కడ?"

మిషనక్క కాళ్లు దగ్గరికి తీసుకుంది.

"నువ్వు ఆ స్టూలు ఎక్కింది నీ అందం చూసి కాదు. చదవగలవని. రేపు అందరూ చదివితే అందులో నువ్వూ ఒకదానివి. తొట్టికి మనిషి కావాలి. ముసలావిడ ఎన్నాళ్లు వంగుతుంది? వాళ్లకి లెక్క రాదనుకున్నావా?"

"అలా ఎందుకు చేస్తారు వదినా? నేర్పింది నేనేగా."

"అందుకే చేస్తారు," అని వదిన మిషను తొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆపి, "ఆ తొట్టి దగ్గరుండగా నీ చేతులు ఎలా ఉండేవో గుర్తుందా? తువ్వాలు తగిలితే ఏడ్చేదానివి," అంది. ఆ మాట మెత్తగానే అంది. అందుకే అది మిషనక్కను ఎక్కువ బాధపెట్టింది. ఆమె తన చేతుల్ని తిప్పి చూసుకుంది. ఇప్పుడు బానే ఉన్నాయి. అరచేతి మీద చర్మం చర్మంలా ఉంది.

మర్నాడు పనయ్యాక అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. పెద్దమ్మ మాత్రం మిషను ముందు నిలబడి మీట వైపు చూస్తోంది. ఎల్లుండే మేనేజరు వచ్చేది.

"అమ్మాయ్, ఒకసారి చూడు. ఇదేనా సోక్?"

వేలు స్పిన్ మీద ఉంది.

మిషనక్క చూసింది. కర్రకి మూట తగిలించుకుని నిలబడ్డవాడు స్పష్టంగా కనబడుతున్నాడు. కాదు అనడానికి ఎంతసేపు? నోరు తెరవడానికి బద్ధకంగా ఉంది అనుకుంది. అది బద్ధకం కాదని ఆమెకు తెలుసు. పక్కనే అరుగు మీద స్టూలు ఉంది. దాని మీద ఆమె కుట్టుకుని తెచ్చుకున్న దిండు ఉంది.

"ఊఁ," అంది.

"అమ్మయ్య, వచ్చింది," అని పెద్దమ్మ ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించింది. ఆ వంగిన వీపు తలుపు దాటి వెళ్లిపోయేదాకా మిషనక్క అక్కడే నిలబడింది.

ఇంటికి వెళ్లి తిండి సహించక తొందరగా పడుకుంది. పొద్దున్న భర్త డ్యూటీ నుంచి రాకముందే లేచి బయల్దేరింది. లాండ్రీ తాళం తీసే మనిషి కూడా ఇంకా రాలేదు. పెద్దమ్మ మాత్రం వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ ఎప్పుడూ అందరికంటే ముందే వస్తుందట. ఇన్నేళ్లుగా మిషనక్కకు ఆ సంగతే తెలియదు.

"పెద్దమ్మా, నిన్న నువ్వు చూపించింది సోక్ కాదు. స్పిన్."

"మరి ఊఁ అన్నావు?"

మిషనక్క పక్కన మెట్టు మీద కూర్చుంది. సాకులు చాలానే తట్టాయి. చీకటి పడింది, సరిగ్గా కనబడలేదు, తలనొప్పిగా ఉంది.

"కావాలనే అన్నాను," అంది.

పెద్దమ్మ ఎందుకని అడగలేదు. తిట్టలేదు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూతలో కాసిని నీళ్లు పోసి, వేలు ముంచి మెట్టు మీద పామును గీసింది. "అయితే పక్కన గుండు ఉండాలి," అంది.

"ఆఁ, గుండు."

గీసింది. ఎండ తగిలి అది ఆరిపోయేలోపు ఇంకోటి గీసింది. తాళం తీసే మనిషి వచ్చి కాళ్లు అడ్డం తీయమనేదాకా గీస్తూనే ఉంది.

*

మేనేజరు చెప్పిన రోజే వచ్చాడు. బూట్లు తడవకుండా చెక్క అరుగు ఎక్కి నిలబడి, ఒక్కొక్కరినీ పిలిచి మాట చెప్పాడు. చెప్పిన మాట దగ్గరికి మీట తిప్పాలి, అర్థం చెప్పాలి. బక్కామె చెప్పింది. కొత్తకోడలు అడగనివి కూడా చెప్పింది. పెద్దమ్మ వంతు వచ్చింది. ఆవిడ చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని, వాటిని మీట మీద వెయ్యడానికి ముందు ఇంకోసారి తుడుచుకుంది.

"సోక్," అన్నాడు మేనేజరు.

పెద్దమ్మ పెదాలు కదిలాయి. వేలు గాలిలో గుండ్రంగా తిరిగింది. మీట తిరిగింది. "నానబెట్టడం సార్. చన్నీళ్లలో," అంది.

"భేష్!" అన్నాడాయన. నిజంగానే సంతోషించాడు. మిషనక్క వైపు తిరిగి, "చాలా మంచి పని చేశావమ్మా. ఇక దీనికంటూ ప్రత్యేకంగా ఒక మనిషి అక్కర్లేదు. ఎవరైనా నడపొచ్చు," అన్నాడు. తర్వాత సూపర్‌వైజరుతో, "పెద్దావిడ్ని తొట్టి దగ్గర్నుంచి తీసెయ్యండి, ఈ వయసులో ఆ వంగడమేంటి? ఇక్కడ కూర్చోబెట్టండి. తొట్టికి కాస్త సత్తువున్న మనిషిని వేయండి," అన్నాడు.

సూపర్‌వైజరు వెతుక్కోనవసరం లేకపోయింది. "నువ్వు మారు," అన్నాడు మిషనక్కతో.

ఏమనాలి? తప్పని అనడానికి లేదు. ముసలావిడ వంగలేకపోతోంది, నిజమే. అందులో అన్యాయం ఎక్కడుందో చూపించమంటే వేలు పెట్టి చూపించలేదు ఆమె. పెద్దమ్మ వద్దంటుందేమో అని ఒక్క క్షణం ఎదురుచూసింది. అయ్యో, అది దాని చోటు సార్, అంటుందేమో అనుకుంది. పెద్దమ్మ అనలేదు. స్టూలు మీది దిండు తీసి దులిపి మిషనక్క చేతిలో పెట్టింది. ఉత్త చెక్క మీద కూర్చుంది. కూర్చుంటూనే మోకాళ్లు రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకుంది. నడుం ఆన్చి కూర్చోవడం ఎంతకాలంగా వాయిదా వేసుకుందో ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. మిషనక్క దిండు పట్టుకుని అలాగే నిలబడి, చివరికి దాన్ని తన సంచిలో కుక్కుకుంది.

తొట్టిలో నీళ్లు ఆమెకు గుర్తున్న దానికంటే చల్లగా ఉన్నాయి. మొదటి రోజు నడుం పట్టేసింది. రెండోనాటికి వేళ్ల సందుల్లో చర్మం మెత్తబడింది. తర్వాత పగలడం మొదలైంది. సబ్బు తగిలితే నిప్పు తగిలినట్టుండేది. నేను చెప్పలేదూ అని వదిన ఒక్కసారి కూడా అనలేదు. సాయంత్రం పూట ఆమె చేతులు తన ఒళ్లో పెట్టుకుని వేళ్ల మధ్య నూనె రాసి, పాత గుడ్డముక్కలు చుట్టేది. బూట్లు తొడుక్కుంటున్న భర్త ఆ చేతుల వైపు చూసి, "ఎన్నాళ్లిలా?" అన్నాడొకసారి. లేసులు కట్టుకుని వెళ్లిపోయాడు.

పెద్దమ్మకూ ఆమెకూ మధ్య మాటలు తగ్గాయి. కోపం కాదు. స్టూలుకూ తొట్టికీ మధ్య దూరం ఎక్కువ, మిషను చప్పుడులో వినబడదు. అలా అని మిషనక్క తనకు తాను చెప్పుకుంది. కొత్తకోడలు ఆమెను ఇంకా మిషనక్కా అనే పిలిచేది. పిలిచి నాలుక కరుచుకునేది.

*

ఒకరోజు పొద్దుట్నుంచీ పైన ఏదో గొడవగా ఉంది. బస్సు ప్రమాదమన్నారు. భోజనాలు కాకముందే ఆపరేషన్ గది బళ్లు వరసగా దిగాయి. దుప్పట్లు, ఆకుపచ్చ గౌన్లు, అన్నీ నెత్తుటితో బరువెక్కి ఉన్నాయి. మిషనక్క ఒక బండి తొట్టిలోకి దించుకుంది. మిగతావి మిషనుకి. గోడకున్న ఫోను ఆగకుండా మోగుతోంది. సూపర్‌వైజరు దాన్ని ఎత్తుతున్నాడు, "వచ్చేస్తున్నాయ్ సిస్టర్, వచ్చేస్తున్నాయ్" అంటున్నాడు, పెట్టేస్తున్నాడు. పెట్టీపెట్టగానే మళ్లీ మోగుతోంది.

"మిషన్లో వెయ్. నేరుగా వాష్ తిప్పు," అన్నాడు పెద్దమ్మతో.

"ఇవి నెత్తుటివి సార్."

"నాకు కళ్లున్నాయి. తిప్పు."

పెద్దమ్మ దుప్పట్లు లోపల వేసి తలుపు మూసింది. మీట మీద చెయ్యి వేసింది. తిప్పలేదు. తల ఎత్తి మాటల వైపు చూసింది. ఒక్కోదాన్ని వేలితో తడుముతూ వెళ్లి ఒకచోట ఆగింది.

"ఇది సోక్ సార్. నేను దీనికి తిప్పుతాను. మీరు చెప్పేది వాష్, వేడినీళ్లది, అదిగో, రంపప్పళ్లున్నది. అది కావాలంటే మీరే వచ్చి తిప్పండి," అంది.

గొంతు హెచ్చించలేదు. అయినా బక్కామె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కొత్తకోడలు విదిలిస్తున్న బట్టను అలాగే పట్టుకుని ఉండిపోయింది. మిషనక్క తొట్టిలోంచి చేతులు తీయకుండానే మెడ తిప్పి చూసింది. తను ఆ స్టూలు మీద కూర్చున్న ఇన్నేళ్లలో ఆయన కంగారుగా తిప్పమన్న రోజులు ఎన్నో. ఆ మాటలన్నీ తనకు వచ్చు. ఒక్కనాడూ మీరే తిప్పండి అనలేదు. తిప్పమన్న చోటుకి తిప్పింది. కాస్త మరక మిగిలితే సర్దేసింది.

సూపర్‌వైజరు ముఖం ఎర్రబడింది. మీట దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

"నాలుగు ముక్కలొచ్చేసరికి కళ్లు నెత్తికెక్కాయి ముసల్దానికి," అన్నాడు. గిరుక్కున తొట్టి వైపు తిరిగాడు. "ఇదిగో, నువ్వు లే. రా ఇటు. రేపట్నుంచి నీ స్టూలు నీకే. వచ్చి తిప్పు."

మిషనక్క లేచింది. మోకాళ్లు పట్టేసి వెంటనే నిలబడలేకపోయింది. నీళ్లు కారుతున్న చేతులతో, తడినేల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్లి చెక్క అరుగు ఎక్కింది. పాదాల కింద పొడిగా, వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనానికి ఒళ్లంతా కిందికి లాగినట్టయింది. కూర్చుంటే చాలు, ఇక లేవక్కర్లేదు. పెద్దమ్మ స్టూలు మీంచి లేచి పక్కకు జరిగింది. ఆవిడ ముఖంలో బతిమాలడం లేదు. ఏం చేస్తావో చెయ్ అన్నట్టు ఉంది.

"పెద్దమ్మ సరిగ్గానే చదివింది సార్. నానాలి ఇవి," అంది మిషనక్క.

"నిన్ను అడిగింది అది కాదు."

"ఆ రోజు కూడా మీరే తిప్పమన్నారు. ఆవిడ అడిగింది, మీరు చెప్పలేదు. పైన సార్ గదిలో నేను ఆ మాట అనాల్సింది. అనలేదు." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు అంటున్నాను. రమ్మంటే పైకొచ్చి కూడా అంటాను."

"నేనూ వస్తాను," అంది బక్కామె ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి. కొత్తకోడలు తల ఊపింది.

సూపర్‌వైజరు నలుగురి వైపూ చూశాడు. ఫోను మళ్లీ మోగింది. "మీ ఇష్టం! ఆ పైవాళ్లకి మీరే చెప్పుకు చావండి!" అని చెయ్యి విసిరి బయటికి వెళ్లిపోయాడు. తలుపు ఊగి ఊగి ఆగింది.

పెద్దమ్మ మీట తిప్పింది. డ్రమ్ములోకి చన్నీళ్లు దూకిన చప్పుడు వినబడింది. గాజు తలుపు వెనక నీళ్లు కాసేపట్లోనే ఎర్రబడ్డాయి.

ఫోను మోగుతూనే ఉంది. ఆ ఫోను వాళ్లలో ఎవరూ ఎప్పుడూ ముట్టుకున్నది కాదు. పైనుంచి వచ్చే మాట ఏదైనా సూపర్‌వైజరు నోటి మీదుగా రావాల్సిందే. నలుగురూ దాని వైపు చూస్తూ నిలబడ్డారు. చివరికి మిషనక్క అరుగు దిగి, తడిచేతిని ఏప్రాన్‌కి తుడుచుకుంది. పగిలిన వేళ్లు చురుక్కుమన్నాయి. రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకుంది.

"దుప్పట్లు ఏవీ?" అంది అవతలి నుంచి ఒక ఆడగొంతు. అలిసిపోయి ఉంది అది కూడా.

"నానబెట్టామండీ. నెత్తుటివి కదా, నానకుండా ఉతికితే పాడైపోతాయి. టైం పడుతుంది."

"ఎవరు మాట్లాడుతున్నది?"

గదిలో అందరూ వింటున్నారు.

"తొట్టి దగ్గర పనిచేసేదాన్నండీ," అంది మిషనక్క.

అరుపు వినబడుతుందని రిసీవరు చెవికి కాస్త దూరంగా పట్టుకుంది. అరుపేమీ రాలేదు. అవతల ఎవరో ఎవరితోనో ఏదో అన్నారు.

"సరే, వార్డు నుంచి కొన్ని తెప్పించుకుంటాం. అయ్యాక చెప్పండి," అంది ఆ గొంతు. ఫోను పెట్టేసింది.

"ఏమన్నారక్కా?" కొత్తకోడలు అడిగింది.

"సరే అన్నారు."

"అంతేనా?"

"అంతే."

మిషనక్క రిసీవరు కొక్కేనికి తగిలించి, తొట్టి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. రేపు సూపర్‌వైజరు ఏం చేస్తాడో ఆలోచించే ఓపిక లేదు. గౌన్లు నీళ్లలో బరువుగా కదులుతున్నాయి. ఒకదాన్ని అంచు పట్టి లాగుతుంటే నీడ పడింది. పెద్దమ్మ పక్కన నిలబడి చేతులు పైకి మడుచుకుంటోంది.

"నువ్వెందుకొచ్చావు? అక్కడ కూర్చో," అంది మిషనక్క.

"అవి నానేదాకా నాకక్కడ పనేముందే," అని పెద్దమ్మ నెమ్మదిగా వంగి, గౌను రెండో కొస అందుకుంది.